కంప్యూటర్ కాపీకి నా సాక్ష్యం

మా ఆఫీసుకు ముందు ఏసీ వచ్చింది. తర్వాత అద్దాల తలుపు వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. ఆ కంప్యూటర్‌ను తెలుగులో నడిపిస్తుందని ఊరించిన ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం నాకు అక్కడి నుంచి బదిలీ అయ్యే రోజు దాకా రాలేదు. అయినా అది వచ్చిందని, చక్కగా పనిచేస్తోందని ముగ్గురు పెద్దమనుషుల ముందు నిలబడి చెప్పినదాన్ని నేనే. అంతకుముందు నెలల తరబడి దాన్ని అందరికంటే ఎక్కువగా ఎగతాళి చేసిందీ నేనే.

ఇది తొంభైల మధ్యలో మాట. పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో ఒక మండలాఫీసులో నేను తెలుగు టైపిస్టును. మాది కారేపల్లి దగ్గర పల్లె. ఖమ్మంలో టైపు నేర్చుకుని, హయ్యర్ పరీక్ష మొదటిసారే పాసై, ఈ ఉద్యోగంలో చేరాను. కులం సర్టిఫికెట్లు, నివాసం సర్టిఫికెట్లు, అర్జీలకు జవాబులు అన్నీ నా చేతుల మీదుగానే వెళ్ళేవి. నా మిషన్‌లో ‘ళ’ అక్షరం కాస్త ఎడమకు ఒరిగి పడేది. మిగతా అక్షరాలన్నీ నా మాట వినేవి.

ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదని నియమం ఉండేది. దుమ్ము పడితే దానికి జబ్బు చేస్తుందట. మా హెడ్ గుమాస్తా ఇంకో అడుగు ముందుకేసి, కాళ్ళు కడుక్కోవడానికి తలుపు పక్కన బకెట్టు, చెంబు పెట్టించాడు. పనుల మీద వచ్చిన కోయవాళ్ళు వరండాలో బారుగా విడిచిన చెప్పుల్ని, బకెట్టును చూసి, లోపల ఏ దేవుడున్నాడమ్మా అని నన్ను అడిగేవాళ్ళు. ఇంకా రాలేదు, వస్తాడట, అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు కాదు. రాబోయే దేవుడికి ముందే గది కట్టడం వాళ్ళకు వింతగా తోచి ఉంటుంది.

ఆ దేవుణ్ణి అమ్మే కంపెనీ ఆయన హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చింది మార్చి నెలాఖరున. మా వైపు మార్చి నెలాఖరంటే కుక్కలు కూడా నీడ వదిలి రావు. ఆయన మాత్రం మెడకు టై బిగించుకుని జీపు దిగాడు. మా ఆఫీసరుకు ఆ టై చూడగానే సగం నమ్మకం కుదిరిపోయింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు, లంచం ముట్టడు. కాకపోతే కొత్తది ఏదైనా ఈ జిల్లాలో ముందు తన ఆఫీసులోనే జరగాలన్న పిచ్చి ఒకటి ఉండేది. లంచగొండి అయితే ఎంతోకొంత పని జరిగేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

కంపెనీ ఆయన మమ్మల్నందరినీ చల్లగదిలో కూర్చోబెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో చెప్పాడు. కంప్యూటర్ ఒళ్ళయితే అది ప్రాణమట. ఇప్పుడున్న ప్రాణానికి ఇంగ్లీషు తప్ప రాదు. తమ కంపెనీ చేసిన ప్రాణానికి పుట్టుకతోనే తెలుగు వచ్చు. మొదటి వెర్షన్‌లో మనం కొడితే తెలుగులో అచ్చవుతుంది, రెండో వెర్షన్‌లో మనం చెబుతుంటే అదే రాసుకుంటుంది, మూడో వెర్షన్‌కు కోయభాష కూడా వస్తుంది. ఇంతా చెప్పి ఒక మీట నొక్కాడు. తెర మీద ఒక తామరపువ్వు విచ్చుకుని, మధ్యలో బంగారు రంగులో ‘సుస్వాగతం’ అని వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్ గుమాస్తా అయితే చేతులు జోడించాడు.

నాకు చేతులు దురద పెట్టాయి. టైపిస్టుకు అక్షరం కనబడితే కొట్టి చూడాలనిపిస్తుంది. సార్, ఒక ఊరి పేరు కొట్టి చూడనా అని అడిగాను. ఆయన కీబోర్డును మెల్లిగా తన వైపుకు లాక్కున్నాడు.

“ఇది చూపించడానికి చేసింది మేడమ్. కొట్టడానికి వేరేది వస్తుంది.”

“అదెక్కడుంది సార్?”

“తయారైపోయింది. ప్యాకింగ్ ఒక్కటే మిగిలింది.”

ఆ క్షణాన నాకు సంగతి అర్థమైపోయింది. పెళ్ళిచూపుల్లో పిల్ల ఫొటో చూపించి, పిల్ల వేరే ఊళ్ళో ఉందని చెప్పినట్టుంది వ్యవహారం. అదే మాట వరండాలో అందరికీ చెప్పాను. ఆడదానికి కడుపుమంట, మిషన్ పోతే తన విలువ పోతుందని భయం అన్నారు. అది కొంత నిజమే, కాదనను. కానీ కడుపుమంట ఉన్నంత మాత్రాన లేని వస్తువు ఉన్నట్టు కాదు కదా.

ఆ తర్వాత మా ఆఫీసులో జరిగిన చర్చలు వింటే మతిపోయేది. మూడో వెర్షన్‌లో కోయభాష పెట్టడం మంచిదా కాదా అని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, సీనియర్ అసిస్టెంటుకు వారం రోజులు వాదన. మొదటి వెర్షన్ ఎవరూ చూడలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. ఇంతలో ఇన్‌స్పెక్టరు బావమరిది బెంగుళూరు నుంచి వచ్చి, అక్కడ ఇంకో కంపెనీ ఇంతకన్నా మంచి ప్రాణం తయారు చేస్తోందనీ, దానికి వైరస్ అనే రోగం అసలు అంటదనీ చెప్పిపోయాడు. ఇంకేముంది, ఆఫీసు రెండుగా చీలింది. హైదరాబాదు ప్రాణం గొప్పదని కొందరు, బెంగుళూరు ప్రాణం గొప్పదని కొందరు. ఇన్‌స్పెక్టరు, అసిస్టెంటు కలిసి టీ తాగడం మానేశారు. ఆ రెండింటిలో ఏదైనా కంటితో చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నేనడిగితే, రెండు వర్గాలూ ఒక్కటై నా మీదికి వచ్చేవి.

నన్ను ఖమ్మంలో మూడు రోజుల శిక్షణకు పంపారు. అక్కడా అది రాలేదు. దారిలో ఉందన్నారు. అందుకని మాకు తలా ఒక అట్ట ముక్క ఇచ్చారు, దాని మీద కీబోర్డు బొమ్మ గీసి ఉంది. మూడు రోజులు నేను అట్టను కొట్టాను. పక్కన ముదిగొండ వైపు నుంచి వచ్చిన ఒకామె, అట్ట మీద తప్పు పడితే ఎలా చెరపాలని చాలా శ్రద్ధగా అడిగింది. దానికి రెండో వెర్షన్‌లో ఏర్పాటు ఉందని చెప్పారు. చివరి రోజు నాకు ఆపరేటర్ అని రాసిన కాగితం, ఒక గులాబీ ఇచ్చి పంపారు.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకునే విషయాలే, అక్కడితో ఆగి ఉంటే.

నేను తిరిగి వచ్చేసరికి హెడ్ గుమాస్తా ఖమ్మంలో ఒక రబ్బరు స్టాంపు చేయించి తెచ్చాడు. ‘కంప్యూటర్ కాపీ’ అని గుండ్రంగా, చుట్టూ ఆఫీసు పేరుతో. ఊదా రంగు సిరా ప్యాడ్ కూడా కొత్తది. అసలుది రాకముందే స్టాంపెందుకండీ అంటే, అది వచ్చిన తెల్లారి జనం మీద పడతారు, అప్పుడు స్టాంపుకు టైమెక్కడిది అన్నాడు. మూడేళ్ళలో రిటైరయ్యే మనిషి, ముప్పై ఏళ్ళుగా ఏ పనికీ మాట పడనివాడు. ఆయన జాగ్రత్త అలాంటిది. ఆ వారమే ఆఫీసరు నోటీసు పెట్టాడు: వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కులం, నివాసం సర్టిఫికెట్లు కంప్యూటర్ కాపీలు మాత్రమే చెల్లుతాయి, టైపు చేసినవిగానీ చేత్తో రాసినవిగానీ సంతకానికి పెట్టరాదు. ఆ నోటీసును నా మిషన్ మీదే, నా చేతే టైపు చేయించాడు.

ఒకటో తారీఖున రెండు టైపు మిషన్లనూ గోనెసంచుల్లో చుట్టి స్టోర్‌రూములో పెట్టారు. స్టోర్ తాళంచెవి మాత్రం రికార్డు ప్రకారం నా దగ్గరే ఉండిపోయింది. అర్జీలు పేరుకుపోవడం మొదలైంది. పైరవీ ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, పాత తేదీలు వేయించుకుని పని జరుపుకున్నారు. లేనివాళ్ళు వరండాలో కూర్చున్నారు. కంపెనీ ఆయన నుంచి కబుర్లు వచ్చేవి. ఒకసారి ఫ్లాపీలు ఎండకు పాడయ్యాయట. ఇంకోసారి మొదటి వెర్షన్‌లో చిన్న దోషం కనబడింది కాబట్టి దాన్ని ఆపేసి, ఏకంగా రెండోదే తెస్తున్నారట. ఆ కబురు విని మా ఆఫీసరు సంబరపడ్డాడు. మొదటిది పోతే పోయింది, మనకు రెండోదే దక్కింది అని. ఏదీ రాకుండానే ఒక మెట్టు పైకెక్కిన ఆఫీసు మాదొక్కటే అయి ఉంటుంది.

వరండాలో కూర్చున్నవాళ్ళలో ఒక కోయామె ఉండేది. నడివయసు మనిషి, తునికాకు కోతకు, కూలికి పోయేది. ఆమె కూతురు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పాసైంది, ఆ గూడెంలో పది పాసైన మొదటి ఆడపిల్ల. ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ఫలానా శుక్రవారం సాయంత్రం లోపల కులం సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వకపోతే ఆ సీటు వరసలో తర్వాతివాళ్ళకు పోతుందని అందులో రాసి ఉంది. ఆ ఉత్తరాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టి, కొంగున కట్టుకుని తిరిగేది. ఆమె వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది. వచ్చిన ప్రతిసారీ నేను ఆఫీసు మీద, కంప్యూటర్ మీద ఒక కొత్త జోకు చెప్పి నవ్వించాలని చూసేదాన్ని. ఆమె నవ్వేది, లేచి వెళ్ళేది. నవ్వించి పంపితే నా బాధ్యత తీరిపోయినట్టు ఉండేది నాకు.

శుక్రవారం ఇంక మూడు రోజుల్లో ఉందనగా నాలుగోసారి వచ్చింది, ఈసారి కూతుర్ని కూడా తీసుకుని. ఆ రోజు నేను మళ్ళీ ఏదో వెటకారం మొదలుపెట్టాను. ఆమె నవ్వలేదు.

“మాకు మామిడి కొత్తలుంటయి చెల్లె,” అంది. “పండుగ జేసి దేవతలకు పెట్టినంకనే కొత్త కాయ నోట్ల పెడతం. అప్పటిదాంక ముట్టం. గని ఆ పండుగ ఎప్పుడు జేస్తం? చెట్టుకు కాయ కాసినంక. మీరు కాయ లేకముందుకే పండుగ జేసిండ్రు. జేసి, ఇంట్ల ఉన్న పాత గింజలు గూడ పారబోసిండ్రు. ఇగ నా బిడ్డ ఏం దినాలె?”

నాలుగు నెలలుగా నేను చేసిన వెటకారమంతా కలిపినా ఆ మాటకు సాటి రాదు. ఆమె దాన్ని వెటకారంగా అనలేదు కూడా, తన కూతురు సంగతి చెప్పుకుంది. నాకు సిగ్గేసింది. తాళంచెవి నా దగ్గరే ఉంది, టైపు చేయగల చేతులు నావే, నాలుగు నెలలుగా నేను చేసిన పని నవ్వడం ఒక్కటే.

లేచి ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఒక్క సర్టిఫికెట్ టైపు చేయనివ్వండి సార్, ఆ పిల్ల సీటు పోతుంది అన్నాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. గురువారం కంపెనీ ఆయన వస్తున్నాడు, ఆ పిల్లదే మొదటి కాపీ తీద్దాం, నేనే స్వయంగా సంతకం చేసి ఇస్తాను అన్నాడు. టైపు చేసింది ఒక్కటి బయటికి పోతే, తన నోటీసుకు తనే నీళ్ళొదిలినట్టవుతుందన్నాడు.

గురువారం కంపెనీ ఆయన నిజంగానే వచ్చాడు, నాలుగు ఫ్లాపీలతో. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, రెండు గంటలు తలుపు మూసుకుని పనిచేశాడు. బయటికి వచ్చేసరికి తెర మీద మళ్ళీ తామరపువ్వు, దాని కింద ‘సిద్ధమవుతోంది, దయచేసి వేచి ఉండండి’ అని ఒక వాక్యం. మొదటిసారి కాబట్టి కొంచెం టైము పడుతుంది, ఎవరూ ముట్టుకోవద్దు అన్నాడు. ఎంత టైము అంటే, అది మిషన్‌ను బట్టి అన్నాడు. ఆఫీసరు ఆయన్ను జీపులో భోజనానికి తీసుకుపోయాడు. మిగతావాళ్ళు అద్దంలోంచి ఆ వాక్యాన్ని కాసేపు చూసి, తిండికి లేచారు. తల్లీ కూతుళ్ళు పొద్దుటి నుంచీ వరండాలోనే ఉన్నారు. ఖమ్మం వెళ్ళే బస్సు నాలుగింటికి.

నేను స్టోర్ తలుపు తీశాను. గోనెసంచి విప్పి, మిషన్‌ను నేల మీదే పెట్టుకుని కూర్చున్నాను. రిబ్బను ఎండిపోయి ఉంటే కొత్తది ఎక్కించాను. పది నిమిషాల్లో సర్టిఫికెట్ అయిపోయింది, ఒక్క తప్పు లేదు. ‘ళ’ ఎప్పటిలాగే ఒరిగి పడింది. వస్తూ వస్తూ హెడ్ గుమాస్తా బల్ల మీది స్టాంపు తీసి, కాగితం పైమూలన గట్టిగా ఒత్తాను: కంప్యూటర్ కాపీ.

ఇక్కడ నా బుద్ధి గురించి కూడా చెప్పాలి. ఆ స్టాంపు వేసింది పిల్ల సీటు కోసమే. కానీ వేస్తున్నప్పుడు లోపల నాకు భలే ఖుషీగా ఉంది. ఆఫీసరు దీన్ని చూసి ఏమంటాడో వినాలి, పిల్ల చేరిపోయాక అసలు సంగతి అందరి ముందూ చెప్పి కడుపారా నవ్వాలి అనుకున్నాను. తెలివి ఎక్కువైతే మనిషికి పట్టే రోగం అదే.

ఆఫీసరు వచ్చి సంతకాల ఫైలు తెరిచాడు. ఊదా రంగు స్టాంపు చూడగానే లేచి నిలబడ్డాడు.

“వచ్చిందా?”

వచ్చింది సార్ అన్నాను. ఆయన ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పెట్టి చూశాడు. అక్షరాలు ఎంత నీటుగా ఉన్నాయో చూడండి, టైపు మిషన్‌కు ఈ అందం వస్తుందా అని అందరికీ చూపించాడు. నాలుగేళ్ళు నా ‘ళ’ మీద రోజూ సంతకం పెట్టిన మనిషి. ఇన్‌స్పెక్టరు చూసి తలూపాడు. బెంగుళూరు వర్గం మొహాలు వేలాడేసింది. చివరికి కాగితం హెడ్ గుమాస్తా చేతికి వచ్చింది. ఆయన దాన్ని తిరగేసి, వెనకవైపు బొటనవేలితో రుద్ది చూశాడు. టైపు మిషన్ దెబ్బకు చుక్క పడ్డ చోటల్లా వెనకాల బొడిపె లేస్తుంది. ముప్పై ఏళ్ళు కాగితాలు తడిమిన వేలు అది. నా వైపు ఒకసారి చూసి, కాగితాన్ని ఆఫీసరుకిచ్చాడు. ఆఫీసరు పచ్చసిరాతో సంతకం పెట్టాడు.

తల్లీ కూతుళ్ళు నాలుగింటి బస్సెక్కారు. మర్నాడు పిల్ల చేరిపోయింది.

మర్నాడు నేను నవ్వడానికి సిద్ధమై ఆఫీసుకు వెళ్ళాను. ఆఫీసరు లేడు. పొద్దున్నే ఆ సర్టిఫికెట్ జిరాక్సు పట్టుకుని ఖమ్మం వెళ్ళిపోయాడట, పైవాళ్ళకు చూపించడానికి. జిల్లాలో మొదటి తెలుగు కంప్యూటర్ సర్టిఫికెట్ మా దగ్గర పుట్టిందని. మధ్యాహ్నం హెడ్ గుమాస్తా నన్ను పక్కకు పిలిచాడు.

“ఇగ నోరు తెరవకు బిడ్డా,” అన్నాడు. “అది టైపుదని తెలిసిందనుకో, దొంగ సర్టిఫికెట్ అంటరు. మనకు మెమోలిస్తరు, పోనీ. ఆ పిల్ల సీటు పోతది.”

వారం తిరక్కుండా జిల్లా పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. నెల తిరిగేసరికి కంపెనీ వాళ్ళు రంగుల కరపత్రం అచ్చేశారు. దాని మధ్యలో నా సర్టిఫికెట్ బొమ్మ, పేరు దగ్గర ఒక గీత కొట్టి. ఒరిగిన ‘ళ’ మూడు చోట్ల నిక్షేపంగా కనబడుతోంది. ఇంత పరిశోధన, ఇన్ని వెర్షన్లు, చివరికి వాళ్ళ సిస్టమ్ చేయగలిగిందని చెప్పుకోవడానికి ఉన్న ఒకే ఒక్క రుజువు నా పాత మిషన్ కొట్టిన కాగితం. మా గదిలో తెర మాత్రం ఇంకా సిద్ధమవుతూనే ఉంది. మిగతా అర్జీదారులకు, ఒకసారి వచ్చింది మళ్ళీ వస్తుంది, ఓపిక పట్టండి అని చెప్పి పంపేవాడు ఆఫీసరు.

దసరా అయ్యాక హైదరాబాదు నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. ఇది బాగుందని వాళ్ళు రాస్తే మిగతా మండలాఫీసులన్నిటికీ తీసుకుంటారట. ముందురోజంతా నేను నిజం చెప్పేయడానికి మాటలు కూడబలుక్కున్నాను. సార్, ఇది లేదు, ఎప్పుడూ లేదు. అంతే. ఎంత చిన్న వాక్యం.

వాళ్ళు వచ్చిన పావుగంటకు కరెంటు పోయింది. మా దగ్గర కరెంటు పోవడానికి కుట్ర ఏమీ అక్కర్లేదు. పనిచేస్తుంటే చూద్దామని వచ్చిన కమిటీ, చూసినవాళ్ళను అడుగుదామని కూర్చుంది. ఆపరేటర్‌ను పిలవమన్నారు. కంపెనీ ఆయన గోడ పక్కన నిలబడి టై ముడి సవరించుకుంటున్నాడు. కమిటీలో పెద్దాయన కరపత్రంలోని బొమ్మను నా ముందు పెట్టాడు.

“ఇది తీసింది మీరేనా?”

ఆ బొమ్మలో గీత కొట్టిన పేరు కింద ఎవరున్నారో నాకు తెలుసు. క్రితం వారమే ఆ పిల్ల తెల్లచీర కట్టుకుని ఊరొచ్చి, దారిలో ఆఫీసు దగ్గర ఆగి, బీపీ ఎలా చూడాలో నేర్పారని నా చేతికి పట్టీ చుట్టినట్టు అభినయించి చూపించింది.

“అవును సార్, నేనే.”

ఎంతసేపు పట్టింది అన్నాడు. పది నిమిషాలు అన్నాను. తప్పులేమైనా వచ్చాయా అన్నాడు. ఒక్కటీ రాలేదు అన్నాను. రెండూ నిజాలే. ఆయన రాసుకున్నాడు.

బయటికి వచ్చాక కంపెనీ ఆయన నా వెనకే వచ్చాడు. బెదిరిస్తాడేమో, కృతజ్ఞతలు చెబుతాడేమో అనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“మేడమ్, నిజంగా అడుగుతున్నాను, అది ఎలా తీశారు? మా ఆఫీసులో ఎవరికీ రావడం లేదు.”

ఆ గొంతులో నటన లేదు. పాపం ఆ మనిషి కూడా నమ్మేశాడు. తనకు తెలియకుండా తన సరుకు ఎక్కడో ఒకచోట పనిచేసిందని, దాని గుట్టు నా దగ్గరుందని. జీవితంలో నాకు ఎవరిమీదైనా ఒకేసారి నవ్వూ జాలీ వచ్చాయంటే అది ఆయన మీదే. ఓపిక ఉండాలి సార్ అని చెప్పి వచ్చేశాను.

కమిటీ బాగుందని రాసింది. రాసినదాంట్లో ఆపరేటర్ వాంగ్మూలం అని నా మాటలు రెండు లైన్లు ఉన్నాయి. ఆ కాగితం ఆధారంగా చుట్టుపక్కల మండలాఫీసుల్లో కూడా ఏసీలు వచ్చాయి, అద్దాల తలుపులు వచ్చాయి, అక్కడి టైపు మిషన్లు కూడా గోనెసంచుల్లోకి వెళ్ళాయి. సంక్రాంతికి ముందు మావి రెండూ వేలంలో పోయాయి. పాత ఇనుము కొనే ఆయన వాటిని తూకానికి తీసుకున్నాడు. స్టోర్ తాళంచెవి నాకు ఇంక అవసరం లేదని వెనక్కి తీసుకున్నారు.

మళ్ళీ ఎండాకాలం పోయి వానలు పడుతుండగా ఆ కోయామె వచ్చింది. ఈసారి ఆమె మొహం వెలిగిపోతోంది. వెంట పక్క గూడెం నుంచి తన ఆడబిడ్డ, ఆమె కూతురు. ఆ పిల్లకూ అదే ట్రైనింగులో సీటు వచ్చింది. అలాంటి ఉత్తరమే, అలాగే ఒక గడువు. రెండు రోజులుంది. మా చెల్లె ఉన్నది, పది నిమిషాల పని అని చెప్పి ధైర్యంగా పిలుచుకొచ్చింది.

నేను తెల్లకాగితం తీసి, స్కేలుతో గీతలు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో సర్టిఫికెట్ రాసి ఆఫీసరు ముందు పెట్టాను. ఆయన దాన్ని చూసి నిజంగా బాధపడ్డాడు.

“చేత్తో ఏమిటమ్మా ఇది? పది నిమిషాల్లో తప్పు లేకుండా వస్తుందని కమిటీకి చెప్పింది నువ్వే కదా. వెళ్ళి కూర్చుని తియ్యి.”

వెళ్ళి కూర్చున్నాను. తామరపువ్వు, దాని కింద ఆ వాక్యం. ఏ మీట నొక్కినా కదలదు. అద్దానికి అవతల వాళ్ళు ముగ్గురూ నిలబడి నన్నే చూస్తున్నారు. ఆమె ఆడబిడ్డకు నన్ను చూపించి ఏదో చెబుతోంది, బహుశా నా గొప్పతనమే అయి ఉంటుంది. కాసేపటికి లేచి బయటికొచ్చాను. రావట్లేదక్కా అన్నాను. ఆమె అద్దంలోంచి తెరను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

“నా బిడ్డకు వచ్చింది గద చెల్లె. మా వాళ్ళ బిడ్డకెందుకు రాదు?”

కోపంగా అడిగినా బాగుండేది. నేనేమైనా ఆశిస్తున్నానేమోనని అనుమానం మెల్లిగా ఆమె మొహంలోకి వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. జవాబు నా నోట్లోనే ఉంది. చెబితే ఖమ్మంలో తెల్లచీర కట్టుకున్న ఆమె కూతురు ఇంటికి వచ్చేస్తుంది. ఈ పిల్లకు ఎలాగూ రాదు. ఏమో అక్కా, తెలియదు అన్నాను. ఆమె ఆడబిడ్డ చేతిలోని ఉత్తరం తీసుకుని, మడిచి, తన కొంగున కట్టుకుంది. ముగ్గురూ వానలోనే బస్సు కోసం నడిచి వెళ్ళారు. ఆ తర్వాత ఆమె ఎప్పుడు ఆ దారిన పోయినా మా ఆఫీసు దగ్గర ఆగలేదు.